పాత గది తలుపు

కర్నూలు బస్టాండు,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇంట్లో అందరూ క్షేమం, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, తక్కినవి తరువాత. గురువారం నన్ను మూడు గంటలు ఏడిపించిన సంగతి నీకు చెబితే గాని నాకు ఉగ్గాని కూడా సయించేటట్టు లేదు.

మా ఆఫీసులోని ఉబుంటు కంప్యూటరులో ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టిన పాత నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాము) ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’ అనే డైరెక్టరీలో ఉండేది. ఒకసారి దాని వెర్షన్ చూసుకొని, దాన్ని తీసివేసి, ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్ ద్వారా కొత్తదాన్ని ఎక్కించాను. అది ‘/యూఎస్ఆర్/బిన్’లో చేరింది. ఆ తరువాత నోడ్ అని కొట్టగానే, ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్/నోడ్’ అనే ఫైలు లేదని బ్యాష్, అదే మనం కొట్టిన ఆదేశాలను అందుకొని నడిపే షెల్, మొరాయించింది. లేదని నాకూ తెలుసు, తీసింది నేనే కదా! ఆదేశం ఎక్కడుందో చెప్పే విచ్‌ను ‘విచ్ నోడ్’ అని అడిగితే మాత్రం కొత్త చోటునే చక్కగా చూపింది. పాత్‌లోని, అంటే ఆదేశాల కోసం బ్యాష్ వెతికే, డైరెక్టరీల వరుసను పదిసార్లు చదివాను, కొత్తదాన్ని రెండుసార్లు తీసి మళ్లీ ఎక్కించాను. ఇంతలో పక్క కుర్చీలోని కుర్రవాడు వచ్చి అదే కంప్యూటరులో ఇంకొక టెర్మినల్ తెరిచి కొడితే, ఏమీ ఎరగనట్టు పని చేసింది. నా ముఖం ఎలా ఉండి ఉంటుందో నీకు వేరే చెప్పాలా?

చివరికి ‘టైప్ నోడ్’ అని కొట్టాను. అది ‘హ్యాష్డ్’ అంటూ పాత చిరునామానే చూపింది. ఒకసారి పాత్ అంతా వెతికి ఆదేశం ఎక్కడుందో కనుగొన్నాక, బ్యాష్ ఆ చోటును గుర్తుంచుకొని, తరువాత వెతకకుండా నేరుగా అక్కడికే పోతుందట. విచ్ వేరే ప్రోగ్రాము కనుక దానికి ఈ జ్ఞాపకం అందదు, ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంది. టైప్ షెల్‌లోనే పుట్టింది కనుక ఇంటి గుట్టు తెలుసు. డైరెక్టరీ మార్చే సీడీ ఆదేశం ఎక్కడుందని అడిగినా విచ్ నోరు మెదపదు, టైప్ మాత్రం అది షెల్ లోపలిదేనని చెబుతుంది.

గది మారిన పదిరోజుల దాకా రాత్రిపూట పాత గది తలుపే కొట్టిన మహానుభావుడు గుర్తున్నాడా? వార్డెన్ గారు బనియనుతో బయటికి వచ్చి... సరే, కార్డు ముక్క మీద ఆ మాట వద్దు. బ్యాష్‌కైతే ‘హ్యాష్ -ఆర్’ అన్న ఒక్క మాటతో పాతవన్నీ మరపించాను. నీకు ఆ మందు దొరకలేదు.

అన్నట్టు, ‘టైప్ -ఏ పైథాన్3’ అని నీవూ కొట్టి చూడు. రెండు చోట్ల ఉందని చూపితే నాలాగా బెదరకు. ‘/బిన్’ అనేదే ‘/యూఎస్ఆర్/బిన్’కు లంకె, రెండూ ఒకటే. అయితే అక్కడి పైథాన్3 కూడా అసలు ఫైలు కాదు, ‘రీడ్‌లింక్ -ఎఫ్’తో దాని వెంట పోతే — నంద్యాల బస్సు కదులుతోంది, మిగిలినది

నీ
రెండో అంతస్తు