మీ మైల్డ్ బర్లీలో బర్లీ ఏదండీ?

రాజమహేంద్రవరం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: మీ 50 గ్రాముల మైల్డ్ బర్లీ పైపు పొగాకులో సరుకు మార్చి, ఆ సంగతి పౌచ్ మీద చెప్పకపోవడం గురించి.

అయ్యా,

మీ పైపు పొగాకుల్లో అన్నిటికన్నా ధర తక్కువది మైల్డ్ బర్లీ, అంటే బర్లీ అనే రకం పొగాకు ఆకుతో చేసేది. చాలా ఏళ్ళుగా నేను కొంటున్నది అదే. మాటవరసకి చవక అంటాం గానీ, పన్నులన్నీ కలిశాక మన దేశంలో ఏ పైపు పొగాకూ చవక కాదు. మీ మిగతా రకాల పక్కన పెడితే చవక, అంతే. ఈమధ్య తెప్పించుకున్న పౌచ్‌లలో వచ్చింది మాత్రం ఆ పాత సరుకు కాదు. పేరు అదే, రంగు అదే, వెనకాల అచ్చువేసిన వాక్యాలు కూడా అవే. లోపల ఉన్నది వేరే పొగాకు. ఫోన్‌లో చెప్పి చూశాను, లాభం లేకపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే పెద్దాయనకి నోరు రుచి పోయిందేమో అని ఫైలు మూసేస్తారు. నా ఉద్యోగమంతా పొగాకు ఆకు గ్రేడింగులోనే గడిచింది. ఆకు చేతిలోకి తీసుకుని పదును, అంటే తేమ, ఎంతుందో, మొక్కకి పైన కాసిన ఆకో కింద కాసిన ఆకో, ఎండలో ఆరిందో నీడలో ఆరిందో చెప్పడానికే నాకు జీతం ఇచ్చేవారు. మా చుట్టుపక్కల చుట్ట తాగేవాళ్ళే ఎక్కువ. లంక పొగాకు ఘాటుకి అలవాటుపడిన వాళ్ళు నా పైపు చూసి నవ్వేవారు, ఇప్పటికీ నవ్వుతారు. నాకు ఘాటు పడదు. రాత్రి భోజనం అయ్యాక అరుగు మీద కూర్చుని ఒక్క పైపు, అదీ మీ బర్లీ. పొగాకు మంచిదని నేను ఎవరితోనూ అనను. పౌచ్ మీద 85 శాతం ఆక్రమించిన ఆ హెచ్చరిక బొమ్మ మీద కూడా నాకు ఫిర్యాదు లేదు, అది ఉండాల్సిందే. మిగిలిన 15 శాతంలో మీరు రాసుకున్న దాని మీదే నా గొడవ.

అందులో 'నూటికి నూరు శాతం నీడన ఆరిన బర్లీ, ముతక కోత' అని ఉంది. సరే చూద్దామని న్యూస్‌పేపర్ పరిచి పౌచ్ మొత్తం దాని మీద గుమ్మరించాను.

మీ ఆఫీసులో ఈ ఉత్తరం చదివేవారికి తెలుసో లేదో గానీ, బర్లీకి మంట తగలదు. వర్జీనియా అనే ఇంకో రకం ఆకుని బ్యారన్ అనే మూసిన కొట్టంలో వేడి పెట్టి వారం లోపలే పసుపు తేలుస్తారు, కాబట్టి ఆకులోని చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. బర్లీని గాలి ఆడే పాకల్లో వారాల తరబడి వేలాడదీస్తారు. ఆ నెమ్మదిలో ఆకు తన చక్కెర తానే తినేసుకుంటుంది, చివరికి దాదాపు ఏమీ మిగలదు. రంగు లేత గోధుమ నుంచి ఎర్ర గోధుమ దాకా తిరుగుతుంది. పసుపు ఉండదు, నలుపు ఉండదు. మీ పౌచ్‌లో ఆ రెండూ ఉన్నాయి. పసుపు పోగులు వర్జీనియా. నల్లవి ఆవిరి పట్టి తీపి పట్టించిన కావెండిష్. మధ్యమధ్య ఈనె ముక్కలు అగ్గిపుల్లల్లా గట్టిగా తగులుతున్నాయి. అసలు బర్లీ లేదని అనను, ఉంది. ఏరి పక్కన పెడితే మూడో వంతు వచ్చింది.

ఇక కోత. పాత సరుకు ముతకగా, పైపులో నింపితే మధ్యలో గాలి ఆడేలా ఉండేది. మంట మెల్లగా దిగేది, పొగ చల్లగా వచ్చేది. ఇప్పుడు వస్తున్నది కాగితంలో చుట్టుకునే సిగరెట్ పొగాకుకి కోసే సన్నకోత. పైపులో అది గబగబా అంటుకుని వేడెక్కిపోతుంది. అమెరికాలో 2009లో ఇలాంటి వ్యవహారమే నడిచింది. చుట్టుకునే పొగాకు మీద కేంద్ర పన్ను పౌండుకు 24.78 డాలర్లు చేసి, పైపు పొగాకు మీద మాత్రం 2.83 డాలర్ల దగ్గర ఆపారు. అంతే, చుట్టుకునే పొగాకు చాలావరకు రాత్రికి రాత్రి పైపు పొగాకు అనే లేబుల్ తగిలించుకుంది. మీరూ ఒకే సరుకు కోసి రెండు పేర్లతో అమ్మే పద్ధతిలో పడ్డారా అని సూటిగా అడుగుతున్నాను. ఔనైతే ఔనని చెప్పండి. కనీసం ఆ సన్నకోత పౌచ్ మీద 'ముతక కోత' అన్న మాట తీసేయండి.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది పదును. మంచి పదునులో ఉన్న పొగాకుని గుప్పెట్లో నొక్కి వదిలితే మళ్ళీ విడిపోవాలి. మీది ముద్దగా ఉండిపోతోంది. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టినా తెల్లారేసరికి అదే జిగురు. నీళ్ళైతే ఈపాటికి ఆరిపోవాలి. ఇది ఆరనివ్వకుండా కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ పని అని నా అంచనా, కాదంటే మీరే చెప్పండి. బర్లీ ఆకుకి ఏది పోసినా పీల్చుకునే గుణం ఉంది. అందుకే ఆ ఆకుకి కాస్త కోకో, కాస్త అతిమధురం పట్టించడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. చక్కెర లేని ఆకుకి ఆ మాత్రం సాయం కావాలి, దాన్ని నేను తప్పు పట్టను. పాత పౌచ్ విప్పితే వేయించిన వేరుశనగ పొట్టు వాసన, దాని వెనక లీలగా కోకో వచ్చేవి. ఇప్పుడు విప్పగానే ఇంట్లో అందరికీ తెలిసిపోతోంది. మా మనవరాలు కేకు తెచ్చారా తాతయ్యా అని అడిగింది. వెనిల్లా! పౌచ్ మీద ఆ మాట ఎక్కడా లేదు.

తాగితే ఏమైందో కూడా చెప్పాలి కదా. మొదటి పుల్లకి పైన ఆకు ఉబికి లేచింది, నొక్కి రెండో పుల్ల వెలిగించాను. అంతవరకు మామూలే. తర్వాత కాసేపటికే గొట్టంలో గురగుర మొదలైంది. క్లీనర్ దూరిస్తే తడిసి నల్లగా వచ్చింది. ఆరిపోవడం, మళ్ళీ వెలిగించడం, వెలిగించిన ప్రతిసారీ ఆవిరి వచ్చి నాలుక కొసకి చురుక్కుమనడం, ఇదే వరస. అడుగున తడి ముద్ద మిగిలిపోయింది. మీ పాత బర్లీ అడుగుదాకా కాలి పొడి బూడిద అయ్యేది. దులిపేస్తే పైపు శుభ్రం.

ఇంకో నష్టం పైపుకే. మొక్కజొన్న కండె పైపైతే పారేసి ఇంకోటి తెచ్చుకునేవాణ్ణి. నాది పాత బ్రయర్ చెక్క పైపు. మీ వెనిల్లా ఆ చెక్కలోకి దిగిపోయింది. ఉప్పు నింపి స్పిరిట్ పోసి వదిలిపెట్టాను, అయినా వాసన పూర్తిగా పోలేదు. ఇప్పుడు దాంట్లో ఏ పొగాకు వేసినా ముందు మీ కంపెనీయే పలకరిస్తోంది.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. పాపం మర్యాదగానే మాట్లాడింది. "ఫ్లేవర్ తక్కువైందా సార్? మా దగ్గర చెర్రీ కూడా ఉంది, ట్రై చేయండి" అంది. తక్కువ కాదమ్మా, ఎక్కువైంది అంటే, కాసేపు హోల్డ్‌లో పెట్టి ఎవరినో అడిగొచ్చి, బర్లీ ఆకు దొరకడం లేదు సార్, సప్లై ప్రాబ్లమ్ అని చెప్పింది. ఆ అమ్మాయిని ఏమీ అనొద్దు, ఆమెకి రాసిచ్చింది ఆమె చదివింది. ఆ రాసిచ్చినవారికి మాత్రం ఒక మాట.

ఆకు దొరకడం లేదా? 2025లో బాపట్ల, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో నల్లబర్లీ వేసిన రైతులు కొనేవాళ్ళు లేక, ధర పడిపోయి అల్లాడితే, ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. నల్లబర్లీ వేరు, మీ పౌచ్‌లో ఉండాల్సిన తెల్లబర్లీ వేరు అని మీరు అంటారు. నిజమే, ఆ తేడా నాకు మీకన్నా బాగా తెలుసు. ఒకటి మైదానంలో నల్లరేగడి మీద పండి ఎండలో ఆరేది, ఇంకోటి గోదావరి ఏజెన్సీ వైపు తేలిక నేలల్లో పండి నీడన ఆరేది. కానీ ఆ తెల్లబర్లీ పండే చోటు మా ఊరికి దూరమేమీ కాదు. పొగాకు మీద పరిశోధనకి 1947లో కేంద్ర సంస్థ పెట్టిందీ మా ఊళ్ళోనే. ఇక్కడ కూర్చున్నవాడికి బర్లీ కరువు కథ చెప్పకండి. నిజంగా కొరతే అయితే పౌచ్ మీద 'ఈసారి మిశ్రమం మారింది' అని ఒక వాక్యం వేయడానికి అడ్డం ఏమిటి?

పౌచ్ వెనకాల 1864 నాటి కథ రాశారు. ఒహాయో రాష్ట్రం బ్రౌన్ కౌంటీలో, కెంటకీ నుంచి తెచ్చిన విత్తనం వేస్తే నారు పాలిపోయి మొలిచిందని, అదే తెల్లబర్లీకి మూలమని. కథ నిజమే. ఆ నారు చీడ తగిలిందేమో అనిపించేలా ఉండేదట, ఆకు మాత్రం ఎంత తీపినైనా పీల్చుకునేది. 1907లో వచ్చిన ప్రిన్స్ ఆల్బర్ట్ లాంటి జేబు డబ్బాల పొగాకులు ఆ ఆకు మీదే నిలబడ్డాయి. వాటిని కొన్నది పొలం పనివాళ్ళు, రైల్వేవాళ్ళు, గుమాస్తాలు. గొప్ప రుచి కోసం కాదు. నిన్న కొన్నదీ రేపు కొనబోయేదీ ఒకేలా ఉంటాయన్న నమ్మకంతో. తక్కువ ధర సరుకుకి ఉన్న ఒకే ఒక గొప్పదనం అది. మీరు ఆ కథని ఉంచుకుని ఆ గుణాన్ని తీసేశారు. ధర పెంచినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

మైల్డ్ అన్న మాట సంగతి కూడా మీ లీగల్ వాళ్ళని అడగండి. బర్లీ రుచికి మెత్తన గానీ, నికోటిన్‌లో వర్జీనియాకి ఏమీ తీసిపోదు, చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం, 11వ అధికరణంలో, తప్పుదారి పట్టించే మాటలకి ఉదాహరణలు ఇస్తూ లైట్‌తో పాటు మైల్డ్‌నీ చేర్చింది. ఆ మాట తీసేసినా నేను కొంటాను, లోపల సరైన ఆకు ఉంటే.

తయారీ నెల దగ్గర ఒక స్టిక్కర్ అంటించి ఉంది. గీకితే కింద ఇంకో నెల కనిపించింది, స్టిక్కర్ మీదున్న దానికన్నా పాతది. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీ నెల, సంవత్సరం నిజంగా ఉండాలని తూనికలు కొలతల నిబంధనలే చెబుతున్నాయి. ఇది రుచి గొడవ కాదు, దీనికి మీరు విడిగా జవాబు చెప్పాలి.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నేను కొన్న పౌచ్‌ల డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదా పాత మిశ్రమం గోడౌన్‌లో ఏమైనా మిగిలి ఉంటే అది పంపండి. మిశ్రమం ఎప్పుడు మార్చారో, ఏమేం కలుపుతున్నారో రాతలో చెప్పండి. కొత్త సరుకు నచ్చేవాళ్ళు ఉంటే ఉండొచ్చు, వాళ్ళకి దాన్ని వేరే పేరుతో అమ్ముకోండి, నాకు అభ్యంతరం లేదు. బర్లీ అన్న పేరుతో మాత్రం అమ్మొద్దు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, తిరగడానికి నాకు తీరిక ఉంది.

బిల్లుల నకళ్ళు, స్టిక్కర్ గీకిన పౌచ్, అందులోంచి పసుపు, నలుపు, గోధుమ రంగుల వారీగా ఏరి విడివిడిగా కట్టిన పొగాకు పొట్లాలు, ఈనె ముక్కల పొట్లం ఇందుతో జతపరిచాను. జవాబు పోస్టులోనే పంపండి. దయచేసి దాంతోపాటు చెర్రీ శాంపిల్ పెట్టకండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు