వద్దన్నదీ మీరే, కనమన్నదీ మీరే

సంపాదకుడు గారికి,

జనాభా తగ్గిపోతోంది, ఇంకా పిల్లల్ని కనాలి అంటూ మీరు పెట్టిన చర్చావేదిక వార్త గుంటూరు పేజీలో చదివాను. కోపంలో రాస్తే వేయరేమోనని కొన్నాళ్లు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి ఇక రాసేస్తున్నాను.

ఫొటోలో వేదిక మీద ఉన్నవాళ్లంతా మగవాళ్లే. పిల్లల్ని కనే విషయం మీద చర్చకు కన్నవాళ్లు ఒక్కరైనా దొరకలేదా మీకు? ఈ కాలం అమ్మాయిలకు ఉద్యోగాలు, షికార్లు కావాలి గానీ పిల్లలు అక్కర్లేదని ఒక పెద్దాయన వాపోయారు. తన తల్లి ఎనిమిది మందిని కని కూడా ఏనాడూ అలసిపోలేదని ఇంకొకాయన గర్వంగా చెప్పారు. అలసిపోయావా అని ఆవిడను ఎవరైనా అడిగారో లేదో మాత్రం వార్తలో లేదు.

నేను ఈ జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా, పనిచేసి రిటైరయ్యాను. గోడలనిండా ఎర్ర త్రికోణం, 'మేమిద్దరం, మాకిద్దరు' ఉన్న రోజులవి. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా 1952లోనే మొదలుపెట్టి, ప్రపంచంలో మనమే ముందు అని చెప్పుకున్న దేశం మనది. ఆ గొప్పంతా ఊళ్లోకి వచ్చేసరికి మా టార్గెట్ల కాగితంగా మారింది. ఏడాదికి ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలి, లేకపోతే జీతం ఆపుతామనేవారు. మమ్మల్నే కాదు, టీచర్లనూ రెవెన్యూ వాళ్లనూ తరిమేవారు. బాలింతకు పచ్చి ఒళ్లు ఆరకముందే వెళ్లి ఆపరేషన్ మాట ఎత్తాల్సి వచ్చేది. డీపీఎల్ (లాపరోస్కోపీ ఆపరేషన్) క్యాంపుల్లో ఆడవాళ్లను బడి వరండాలో వరసగా చాపల మీద పడుకోబెట్టేవారు. 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేశామంది. కాగితం మీద ఎత్తేశారు, రివ్యూ మీటింగుల్లో మాత్రం ఆ ప్రశ్నలు పోలేదు.

మగవాళ్ల సంగతి అడక్కండి. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్ల తర్వాత ప్రభుత్వాలు వాళ్ల జోలికి వెళ్లడానికే భయపడ్డాయి. ఆ బరువంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయించుకున్నవాళ్లు నూటికి డెబ్బై మంది దాకా ఉన్నారు. మగవాళ్లకు చేసే ఆపరేషన్ వేసెక్టమీ, అది చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. వేదిక మీది పెద్దలకు ఈ అంకె ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని ఉంది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. నిజమే, ఆలోచించాల్సిందే. కానీ 2005-06 సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 1.8! అప్పటికి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు, రీల్స్ లేవు. ఈ అంకెను దించింది ఇప్పటి అమ్మాయిలు కాదండీ, వాళ్ల అమ్మలూ అత్తగార్లూను. అందులో ఎక్కువమంది పొలం పనులకు వెళ్లేవాళ్లు. పాతికేళ్లయినా నిండకముందే ఆపరేషన్ చేయించుకుని వెళ్లి నాట్లు వేసినవాళ్లు. ప్రభుత్వం ఇద్దరు చాలంది, సరేనన్నారు. ఇప్పుడు వాళ్ల కూతుళ్లను స్వార్థపరులని అంటున్నాం. ఇక పెళ్లిళ్లు ఆలస్యం చేస్తున్నారన్న ఏడుపు ఒకటి. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. ఇంకెంత తొందరగా చేయమంటారు?

అసలు ఈ కంగారు పిల్లల మీద ప్రేమతో వచ్చింది కాదని అందరికీ తెలుసు. జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచే లోక్‌సభ సీట్ల లెక్క ఉంది కదా! 1976లో 42వ రాజ్యాంగ సవరణతో సీట్లను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపారు. తర్వాత 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాత వచ్చే జనాభా లెక్కల దాకా పొడిగించారు. ఆ గడువు దగ్గర పడేసరికి దక్షిణాది నాయకులకు పిల్లలు గుర్తొచ్చారు. చెప్పిన మాట విన్న రాష్ట్రాలకు సీట్లు తగ్గితే అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. ఆ పోట్లాట ఢిల్లీలో పోట్లాడండి. మా బ్రాడీపేటలో కాపురముంటున్న కోడలి కడుపు మీద కాదు.

మన చట్టాల తీరు చూడండి. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. ఆ నిబంధన పుణ్యమా అని మూడో బిడ్డను పుట్టింటివాళ్ల పిల్లగా చెప్పుకున్న ఇళ్లు నేను చూశాను, సర్పంచ్ కుర్చీ కోసం! 2024 నవంబరులో శాసనసభ దాన్ని తీసేసింది. మంచిదే. అడ్డుపడే నిబంధన తీసేయడం అంటే ఒక్క బిల్లుతో పోయే పని. కన్న బిడ్డను పెంచుకునే ఏర్పాటుకు మాత్రం డబ్బూ కావాలి, మనసూ పెట్టాలి. అది ఎవరికీ గుర్తు రాదు. కేంద్ర చట్టాన్ని 2017లో సవరించి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చారు, మూడో కాన్పుకు 12 వారాలే. మూడో బిడ్డ ఏమన్నా సగం రోజుల్లోనే పెరిగిపోతుందా? ఆ సెలవైనా ఎవరికి? మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర ఘాటులో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లకు ప్రసూతి సెలవంటే కూలి పోవడమే. 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలని కూడా చట్టంలో ఉంది. గుంటూరు లక్ష్మీపురం రోడ్డు మీద, విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు పరిచే అమ్మాయిల పిల్లలు ఏ క్రెష్‌లో ఉన్నారో లేబర్ అధికారులు ఎప్పుడైనా వెళ్లి చూశారా?

ఇక ఖర్చు. 2019-21 సర్వే ప్రకారం మన దగ్గర కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లే, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో బిల్లు కట్టి బయటికొచ్చిన దంపతులను రెండోవాడెప్పుడని అడిగి చూడండి, ఏమంటారో. ఆ తర్వాత ఎల్‌కేజీ, ఆ తర్వాత ఐఐటీ ఫౌండేషన్. ఆరో తరగతి పిల్లకు ఫౌండేషన్ ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది వేరే ఉత్తరం రాయాలి. 'తల్లికి వందనం' కింద చదువుకునే పిల్లలందరికీ డబ్బు వేయడం మాత్రం మెచ్చుకోవాల్సిందే, ఇంతకుముందు ఇంటికి ఒక్కరికే ఉండేది. కానీ ప్రైవేటు స్కూలు బస్సు ఫీజుకే అందులో చాలా భాగం పోతోంది.

ఇప్పటి ఏఎన్ఎంలను చూస్తే జాలేస్తుంది. మాకు టార్గెట్ల టెన్షన్, వాళ్లకు యాప్‌ల టెన్షన్. గర్భిణి చెయ్యి పట్టుకుని నాడి చూసే తీరిక లేదు, ఫొటో అప్‌లోడ్ కాలేదని పైనుంచి ఫోన్లు. రేపు పిల్లల్ని కనేలా చేసే టార్గెట్ కూడా వీళ్ల నెత్తినే పెడతారని నా అనుమానం. మేము ఆపరేషన్‌కు ఒప్పించిన ఇళ్లకే వెళ్లి వాళ్లు ఇంకొకరిని కనమని చెప్పాలి కాబోలు!

మీరు మళ్లీ ఇలాంటి చర్చ పెడితే ముందుగా కబురు పెట్టండి. మిర్చి తొడిమలు తీసేవాళ్లలోంచి నలుగురిని వెంటబెట్టుకుని వస్తాను. ఆ పూట కూలి పోతుంది, అది మీ పత్రికే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
బ్రాడీపేట, గుంటూరు