రిహార్సల్స్ కోసేస్తే ఆ సినిమాలో మిగిలేదేముంది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కచేరీ చిత్రాల మీద వ్యాసం వేసి, బ్రిటిష్ రాక్ గాయకుడు స్టింగ్ ఫొటో కింద ‘బేస్ వాయిస్తున్న స్టింగ్’ అని రాశారు. బేస్ అంటే కింది స్వరాలు పలికే, మామూలుగా నాలుగు తీగలుండే గిటారు. ఫొటోలో ఆయన మెడలో వేలాడుతున్నది ఆరు తీగల మామూలు గిటారు. మామూలుగా అయితే ఇలాంటి పొరపాటును చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు. కానీ ఆయన కొత్త బృందం మీద తీసిన ‘బ్రింగ్ ఆన్ ద నైట్’ సినిమా విషయంలో అసలు సంగతంతా అక్కడే ఉంది. ‘ద పోలీస్’ అనే రాక్ బృందంలో ఏళ్ల తరబడి బేస్ వాయిస్తూ పాడిన మనిషి, 1985లో కొత్త బృందం కట్టినప్పుడు ఆ వాద్యాన్ని చికాగో కుర్రాడు డారిల్ జోన్స్ చేతికిచ్చి తాను గిటారు పట్టుకున్నాడు. ఎందుకిచ్చాడో తెలిస్తే, రిహార్సల్ దృశ్యాలు సాగదీత అనీ వాటిని తీసేసి పాటలు మాత్రం ఉంచాల్సిందనీ మీ వ్యాసకర్త చేసిన సూచన ఎందుకు కుదరదో కూడా తెలుస్తుంది.

ముందు మనుషుల సంగతి. వ్యాసంలో స్టింగ్ పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు, మిగతావాళ్లు ‘వెనక వాయించే కళాకారులు’ అయిపోయారు. శాక్సఫోన్ బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్, కీబోర్డులు కెన్నీ కర్క్‌లాండ్, డ్రమ్స్ ఒమర్ హకీం, బేస్ డారిల్ జోన్స్, వంత గొంతులు డొలెట్ మెక్‌డొనాల్డ్, జానిస్ పెండార్విస్. మార్సాలిస్, కర్క్‌లాండ్ ఇద్దరూ ట్రంపెట్ విద్వాంసుడు విన్‌టన్ మార్సాలిస్ బృందం నుంచి ఒక్కసారే వచ్చేశారు. సొంత అన్నే వెళ్లిపోవడం విన్‌టన్‌కు మింగుడుపడలేదు. హకీం ‘వెదర్ రిపోర్ట్’ అనే జాజ్ బృందం మనిషి. జోన్స్ అప్పటికే జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన వాయించాడు. స్టింగ్‌కు అప్పుడు 33 ఏళ్లు, వాద్యకారులు నలుగురూ ముప్పైలోపే, జోన్స్‌కైతే 23. పేరు గాయకుడిది, వాద్యం మీద పట్టు మాత్రం కుర్రాళ్లది. సినిమా నడిచేది ఈ ఇరకాటం మీదే.

పాడుతూ బేస్ వాయించడం, పాడుతూ గిటారు మీటడం ఒకటి కాదు. గిటారిస్టు కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టి లయలో మీటుతూ పోతే గొంతు దాని మీద సాగిపోతుంది. బేస్ అలా కాదు. డ్రమ్స్‌లో కాలితో కొట్టే కిక్‌తో జతకట్టి, పాట వరసకు అడ్డంగా, వేరే లయలో నడుస్తుంది. రెండూ ఒక్కడే చేస్తే ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఎక్కువసార్లు తగ్గేది బేసే: ఖాళీలు పెరుగుతాయి, ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. పోలీస్‌లో ఉన్నది ముగ్గురే కాబట్టి ఆ ఖాళీయే వాళ్లకు అందమైంది. హకీం లాంటి డ్రమ్మరుకు అది చాలదు. అతను ప్రతి నాలుగు బార్లకూ (తాళం ఆవర్తాలకూ) ఏదో ఒకటి మారుస్తాడు, అటువైపు నుంచి బదులిచ్చే బేస్ కావాలి. జోన్స్ ఇచ్చేది ఆ బదులే. స్టింగ్ గిటారు చాలావరకు లయ పట్టుకోవడానికే పరిమితం. అంత పేరున్నవాడు తన వాద్యం వదులుకుని పక్కకు జరగడం కచేరీ పాటల్లో కనపడదు, రిహార్సల్లో కనపడుతుంది.

దర్శకుడు మైకేల్ ఆప్టెడ్ ఎంచుకున్నదీ ఇదే. బృందానికి బాగా పేరొచ్చాకో, విడిపోయే ముందో సినిమా తీయడం రివాజు. ఆయన బృందం పుట్టుకనే తీశాడు. పారిస్ శివార్లలోని కూర్సోన్ కోటలో సాధన, తర్వాత పారిస్ మోగడార్ థియేటర్లో కచేరీ. మధ్యలో మేనేజర్ మైల్స్ కోప్లాండ్ స్టేజి బట్టలు నచ్చలేదంటూ కాస్ట్యూమ్ డిజైనర్ కోలీన్ ఆట్‌వుడ్‌తో అందరి ముందూ గొడవ పెట్టుకుంటాడు. ఆమెకు ఆ తర్వాత నాలుగు ఆస్కార్లు వచ్చాయని తెలిసి చూస్తే ఆ దృశ్యం ఇంకా బాగుంటుంది. స్టింగ్ బిడ్డ పుట్టిన ఘట్టం మాత్రం నా దృష్టిలో అక్కర్లేదు. కత్తెర వేయాలంటే అక్కడ వేయొచ్చు.

జాజ్ వాద్యకారులు రాక్ పాట వాయించేటప్పుడు చిక్కు ఎక్కడ వస్తుంది? స్వరాల దగ్గర కాదు, నిడివి దగ్గర. రాక్ పాటలో పల్లవి ఎన్ని బార్లు, గిటారు ముక్క ఎన్ని బార్లు అన్నది ముందే ఖాయం. జాజ్‌లో వరస ఒకసారి వాయించాక సోలో, అంటే ఒకరు మనోధర్మంతో వాయించే భాగం, మొదలవుతుంది. ఎంతసేపన్నది సోలో వాయించేవాడి ఇష్టం. ముగించబోతున్నానని తల ఊపి చెప్తాడు, లేకపోతే మొదటి ముక్కను మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ సైగ గాయకుడికి అందకపోతే ఒక ఆవర్తం ముందో వెనకో అందుకుంటాడు, పాట కుప్పకూలుతుంది. ‘షాడోస్ ఇన్ ద రెయిన్’ పాట స్టూడియో ఆల్బంలో మొదలయ్యేదే మార్సాలిస్ ఏ శ్రుతిలో వాయిస్తున్నామని అరుస్తూ అడగడంతో. ఆ అరుపును తుడిచెయ్యకుండా ఉంచారు. పాలకొల్లు నుంచి వెళ్లిన మాండలిన్ శ్రీనివాస్, ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించిన వీడియోలు చూసినవాళ్లకు ఈ కళ్ల సైగలు కొత్త కాదు.

మీ వ్యాసకర్త ‘మరీ పొడుగు’ అన్న పియానో సోలో దగ్గర కాస్త ఆగాలి. ‘బ్రింగ్ ఆన్ ద నైట్’ పాటకు ‘వెన్ ద వరల్డ్ ఈజ్ రన్నింగ్ డౌన్’ను జోడించి వాయిస్తారు. ఈ రెండో పాట మొత్తం మూడే కార్డులు, అవే తిరుగుతుంటాయి. జాజ్ పియానిస్టుకు మామూలుగా కార్డులు మారుతుంటేనే పని దొరుకుతుంది, ఇక్కడ మారవు. కాబట్టి కర్క్‌లాండ్ చేతిలో మిగిలింది లయ, సాంద్రత. మన కచేరీలో ఒకే ఎత్తుగడ మీద కల్పనస్వరాలు పెంచుకుంటూ పోయినట్టు, కుడిచేత్తో చిన్న చిన్న పలుకులతో మొదలుపెట్టి, ఎడమచేతి కార్డులను తాళానికి కాస్త ముందుకు తోసి, చివరికి రెండు చేతులా దిట్టమైన కార్డులకు చేరతాడు. వినేటప్పుడు పియానో ఒక్కదాన్నే పట్టుకోవద్దు. హకీం సింబల్ (లోహపు పళ్లెం) నుంచి స్నేర్‌కి (ముందుండే చిన్న డ్రమ్ముకి) ఎప్పుడు మారుతున్నాడో గమనించండి. పియానో మెట్టు ఎక్కిన ప్రతిసారీ డ్రమ్స్ కూడా ఎక్కుతాయి. ఇందులో సగం కోసేస్తే మిగతా సగం ఉత్త హడావిడి అవుతుంది.

ఇలాంటి సోలో తెర మీదకు తేవడం మాటలు కాదు. ఫిల్ము రోజుల్లో 35 ఎంఎం 1,000 అడుగుల రీలైనా, 16 ఎంఎం 400 అడుగుల రీలైనా నడిచేది సుమారు 11 నిమిషాలు. 1986 లైవ్ ఆల్బంలో ఈ జంట పాట నిడివి 11 నిమిషాలు దాటింది. అంటే కెమెరాలన్నీ ఒకేసారి మొదలుపెడితే అన్నీ ఒకేసారి, సరిగ్గా పాట ఉచ్ఛస్థితిలో, ఆగిపోతాయి. అందుకే రెండేసి నిమిషాల తేడాతో మొదలుపెట్టి, ఎప్పుడూ ఒక్కటి మాత్రమే రీలు మార్చుకునేలా చూసుకునేవాళ్లు. శబ్దానికీ అదే బాధ. రెండంగుళాల 24 ట్రాకుల టేపు 2,500 అడుగుల చుట్ట, సెకనుకు 30 అంగుళాల వేగంతో 16 నిమిషాలకు అటూఇటూగా అయిపోతుంది. రెండు మెషిన్లు పెట్టి, ఒకటి అయిపోకముందే రెండోది తిప్పాల్సిందే.

ఇప్పుడు రీళ్ల గొడవ లేదు. కానీ హైదరాబాద్, విజయవాడల్లో రాక్, జాజ్, శాస్త్రీయం కలిపి చేసే కచేరీల రికార్డింగులు ఎక్కువగా పాడయ్యేది ఇంకో కారణంతో. హాలు మిక్సర్ నుంచి ఎడమ, కుడి రెండు ట్రాకులు తీసుకుని అదే వీడియోకి అతికించేస్తారు. హాల్లో డ్రమ్స్, గిటారు యాంప్లిఫయర్ నేరుగానే గట్టిగా వినపడతాయి కాబట్టి మిక్సర్ దగ్గర కూర్చున్నాయన వాటిని తగ్గించి గొంతు పెంచుతాడు. హాలుకు అదే సరైన పని. ఆ మిక్స్‌ను ఇంట్లో వింటే గొంతు చెవి పక్కన, డ్రమ్స్ పక్కవీధిలో ఉంటాయి. తర్వాత ఎంత కుస్తీ పట్టినా సరిచేయలేం. స్టేజి మీద స్ప్లిటర్ పెట్టి ప్రతి మైకునూ రెండుగా చీల్చాలి, లేదా డిజిటల్ మిక్సర్ నుంచి ఒక్కో చానల్‌ను ప్రీ-ఫేడర్‌లో, అంటే శబ్దం పెంచే, తగ్గించే మీట (ఫేడర్) జరిపినా మారకుండా, విడిగా రికార్డు చేయాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 32 ట్రాకులకు రెండు గంటలకు దాదాపు 33 గిగాబైట్లు అవుతుంది. అంతే. రెండు డిస్కుల మీద ఒకేసారి రాసుకున్నా పెద్ద ఖర్చేం కాదు.

ప్రేక్షకుల చప్పట్లకు వేరే మైకులుండాలి. స్టేజి అంచున జనం వైపు తిప్పి రెండు, హాలు మధ్యలో రెండు చాలు. శబ్దం మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి 20 మీటర్ల దూరంలోని మైకుకు స్నేర్ దెబ్బ 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఎడిటింగులో ఆ ట్రాకును అంత ముందుకు జరపకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు పడినట్టు వినిపిస్తుంది. పియానో మూత పూర్తిగా తెరిచి డ్రమ్స్ పక్కన పెట్టడం ఇంకో తప్పు; లోపలి మైకుల్లో సింబల్సే నిండిపోతాయి. మూతను చిన్న కర్ర మీద నిలిపి, మైకులు తీగలకు దగ్గరగా పెట్టి, మూత తెరుచుకునే వైపు డ్రమ్స్ లేకుండా చూసుకోవాలి.

కెమెరాకూ రికార్డరుకూ ఒకే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ వేసే సమయపు గుర్తు) ఇచ్చినంత మాత్రాన సరిపోదు, గడియారమూ ఒకటే కావాలి. రెండు యంత్రాల గడియారాల మధ్య తేడా పది లక్షలకు పది వంతులే అయినా గంటకు 36 మిల్లీసెకన్లు జారుతుంది, అంటే దాదాపు ఒక ఫ్రేము. రెండో గంటలో పెదవులు ఒకచోట, పాట ఒకచోట. పాత స్టిల్ కెమెరాల్లో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్లకే వీడియో ఆగిపోయే పరిమితి ఉంటుంది. అలాంటి కెమెరాను కదలని వైడ్ షాట్‌కు పెట్టి మర్చిపోతే అంతే సంగతులు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే మామూలు దీపాలు మినుకుమినుకుమనవు. ఎల్‌ఈడీ గోడల లెక్క వేరు, సౌండ్ చెక్ నాడే కెమెరాలో చూసి తేల్చుకోవాలి.

ఇంత జాగ్రత్తపడ్డా, సోలో మొదలయ్యాక కెమెరా గాయకుడి ముఖం మీదే ఉంటే అన్నీ వృథా. అప్పటికప్పుడు స్విచ్ చేసిన ఫీడ్‌నే నమ్ముకోకుండా ఐదు కెమెరాలనూ విడివిడిగా రికార్డు చేయాలి: గాయకుడు, కీబోర్డు చేతులు, డ్రమ్మరు, కదలని వైడ్, తిరిగే కెమెరా. వేరే చోటి చేతుల షాటు తెచ్చి అతికిస్తే వాద్యం తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు. గాయని జోని మిచెల్ 1979 సెప్టెంబరులో సాంటా బార్బరాలో జాజ్ వాద్యకారులు జాకో పాస్టోరియస్, పాట్ మెథీనీ, మైకేల్ బ్రెకర్‌లతో చేసిన కచేరీ చిత్రం ‘షాడోస్ అండ్ లైట్’లో మధ్యమధ్యన పాత సినిమా ముక్కలు అతికించారు. బృందం అద్భుతమే, కానీ చేతులు చూడాలనుకునేవాడికి విసుగు. కెమెరామన్‌ను రిహార్సల్స్‌కు కూర్చోబెడితే ఎవరు ఎవరికేసి చూసి అందుకుంటారో అతనికి తెలిసిపోతుంది. రిహార్సల్ రోజులను ఖర్చు కింద కొట్టేసే నిర్మాతలు ఇక్కడే దెబ్బతింటారు.

వాద్యకారుల ఒప్పందాలు కూడా షూటింగుకు ముందే రాసుకోవడం మంచిది. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. సినిమాలో చేర్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ హక్కును నిర్మాత వాడుకోవచ్చు. కానీ ఆ ప్రదర్శనతో వ్యాపారం చేసినప్పుడు రాయల్టీ ఇవ్వాలని 2012 సవరణ చెప్తోంది.

చివరగా ఇంకో సవరణ. 1986లో వచ్చిన డబుల్ ఆల్బం ఈ సినిమా పాటల సంకలనమని వ్యాసంలో ఉంది. పేరొక్కటే, సరుకు వేరు. దాన్ని 1985 పర్యటనలో పారిస్, రోమ్, ఆర్నెమ్ కచేరీల్లో రికార్డు చేశారు. గ్రామీ అవార్డులు కూడా వేర్వేరు: 1987లో లాంగ్ ఫామ్ మ్యూజిక్ వీడియో విభాగంలో వచ్చింది సినిమాకు, 1988లో పాప్ గాయకుడి విభాగంలో వచ్చింది ఆల్బంకు. సినిమా చూసి ‘ఇఫ్ యూ లవ్ సమ్‌బడీ సెట్ దెమ్ ఫ్రీ’ కోసం ఆ ఆల్బం కొనుక్కున్నవాళ్లకు అందులో ఆ పాట దొరకదు.

ఇట్లు,
ఒక సౌండ్ రికార్డిస్టు,
విజయవాడ