ఏటా అదే జాబితా ఎందుకు?

సంపాదకులకు,

వానాకాలం వస్తోందంటే హైదరాబాద్‌లో నీరు నిలిచే ప్రాంతాల జాబితా మీ పత్రికలో వస్తుంది. ఖైరతాబాద్, రాజ్‌భవన్ రోడ్డు, మైత్రీవనం, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి... పేర్లు పాఠకులకు కంఠోపాఠం. పక్కనే కార్యాచరణ ప్రణాళిక కూడా ఉంటుంది: ఇన్ని కిలోమీటర్ల పూడికతీత, ఇన్ని మోటార్లు, ఇన్ని అత్యవసర బృందాలు. జాబితా మారకపోవడానికి నిధుల కొరతనో సిబ్బంది అలసత్వాన్నో తప్పుపట్టడం మామూలే. మాకు మాత్రం సమస్యను కాగితం మీద పెట్టే తీరులోనే తేడా కనిపిస్తోంది.

ఫైల్లో ‘ఈ జంక్షన్‌లో 900 మి.మీ. పైపులైను లేదు’ అని రాశారనుకోండి. ముందే అనుకున్న పరిష్కారాన్ని తిరగేసి దానికే సమస్య అని పేరు పెట్టినట్టు. ఆ వాక్యం పడ్డాక ఎస్టిమేటు, టెండరు, పైపు తప్ప వేరే దారి ఉండదు. ‘గంటలో 30 మి.మీ. వాన పడితే ఇక్కడ మోకాలి లోతు నీరు రెండు గంటలు నిలుస్తోంది, బస్సులు ఆగిపోతున్నాయి’ అని రాస్తే ఎందుకని అడగడానికి వీలుంటుంది, పని అయ్యాక సరిపోల్చుకోవడానికి అంకె ఉంటుంది.

హార్వర్డ్‌లోని మ్యాట్ ఆండ్రూస్, లాంట్ ప్రిచెట్, ప్రపంచ బ్యాంకులోని మైఖేల్ వుల్‌కాక్ 2012లో పీడీఐఏ (ప్రాబ్లమ్ డ్రివెన్ ఇటరేటివ్ అడాప్టేషన్) పేరుతో ముందుకు తెచ్చిన పద్ధతి ఇక్కడి నుంచే మొదలవుతుంది. సమస్యను పట్టుకుని, చిన్న విడతల్లో చేసి చూసి, తెలిసినదాన్ని బట్టి దారి మార్చుకుంటూ పోవడం. పనిముట్లు పాతవే. చేపముల్లు చిత్రం జపాన్ నాణ్యతా నిపుణుడు ఇషికావాది, ‘ఐదుసార్లు ఎందుకు’ టొయోటా కర్మాగారాల్లోది.

రెండోదాన్ని పూడిక మీద పెట్టి చూద్దాం. రోడ్డు మీద నీరెందుకు నిలిచింది? రోడ్డు పక్కన వాననీరు కాల్వలోకి దిగే గుంట, క్యాచ్‌పిట్, పూడుకుపోయింది. మొన్ననే శుభ్రం చేశారు కదా, ఎందుకు పూడింది? తీసిన మట్టే తొలి వానకు కొట్టుకొచ్చి మళ్ళీ అందులో పడింది. గట్టునే ఎందుకుంది? లారీ రాలేదు. ఎందుకు రాలేదు? పూడిక తడిగా ఉంది, ఎక్కిస్తే దారి పొడవునా కారుతుంది, ఒకట్రెండు రోజులు ఆరాలి. ఆరాక ఎవరూ ఎందుకు ఎత్తలేదు? బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం ఎం-బుక్‌లో కొలత తీసిన పూడికకే పడింది, కూలీల ముఠా పక్క వీధికి వెళ్ళిపోయింది. ఇది నమూనా గొలుసే, ఒక్కో చోట ఒక్కోలా తేలుతుంది. కానీ ఐదో ప్రశ్న దాటినా పైపు సైజు ప్రస్తావనే రాలేదు. ఈ చోటుకు కావలసింది ‘ఎత్తివేశాకే కొలత’ అనే ఒక్క షరతు.

కారణం ఒక్కటే ఉండదు కాబట్టి చేపముల్లు. తల దగ్గర సమస్య, ముళ్ళ మీద కారణాలు: పూడిక, ప్లాస్టిక్ చెత్త, వరద కాల్వలో కలిసే మురుగు, రోడ్డు వాలు, నాలా మీద కట్టడాలు. ఒక్కో ముల్లు దగ్గర మూడు విషయాలు చూడాలి: మార్చే అధికారం ఎవరికుంది, మార్పుకు ఎవరు ఒప్పుకుంటారు, చేయగల మనుషులూ సరంజామా ఉన్నాయా. క్యాచ్‌పిట్ జాలీ విషయంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) స్థాయిలోనే మూడూ దొరుకుతాయి, సోమవారమే మొదలుపెట్టొచ్చు. కట్టడాల దగ్గర కోర్టు స్టేలు, స్థానిక ఒత్తిళ్ళు. దాంతో మొదలుపెడితే సీజనంతా దానికే సరి. మురుగు లైను జలమండలిది, వరద కాల్వ కార్పొరేషన్‌ది. అక్కడ తొలి విడత పని జలమండలి మేనేజర్‌ను బృందంలో కూర్చోబెట్టడమే. అది జరిగితే విడత దండగైనట్టు కాదు.

బృందం నలుగురి నుంచి ఆరుగురు: ఏఈ, శానిటేషన్ సూపర్‌వైజర్, జలమండలి మనిషి, ట్రాఫిక్ ఎస్సై, వీలైతే ఆ జంక్షన్‌లో దుకాణం ఉన్నవారొకరు. రెండు వారాలకో విడత. చివర అరపేజీలో నాలుగు జవాబులు: ఏం చేశాం, ఏం తెలిసింది, ఎక్కడ చిక్కుకున్నాం, తర్వాత ఏం చేస్తాం. కొలతకు విద్యుత్ స్తంభం మీద ఐదేసి సెంటీమీటర్లకు రంగు గీతలు, నీరు దిగిన సమయం, దగ్గరి టీజీడీపీఎస్ (రాష్ట్ర ప్రణాళికా సంస్థ) ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో నమోదైన వర్షపాతం చాలు. మూడోది వదిలేస్తే జల్లుకు తడిసి ఆరిన రోడ్డును చూపించి గెలిచామంటారు.

పద్ధతి చెడేది ఎక్కువగా ఇక్కడే: రూపం మిగిలి పని మాయమవుతుంది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో నర్సుల హాజరుకు సమయం ముద్రించే యంత్రాలు పెట్టిన ప్రయోగం దీనికి చక్కటి ఉదాహరణ. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత ఆరోగ్య శాఖవారే నర్సులు రాని రోజులను ‘మినహాయింపు రోజులు’గా రాయడం మొదలుపెట్టారు, 16 నెలలకు ప్రభావం మాయమైంది. నాలా పనుల ‘ముందు–తర్వాత’ ఫొటోలకూ ఇదే గతి పట్టొచ్చు. యాప్‌లో ఫొటో ఉంటుంది, రోడ్డు మీద నీరూ ఉంటుంది.

మన దగ్గరే ఇంకో అనుభవం ఉంది. 2018లో ఎకరానికి 4,000 రూపాయల రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, అందాయో లేదో రైతులకే ఫోన్ చేసి కనుక్కుంటామని కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో సకాలంలో చెక్కు అందినవారు కొద్దిగానైనా పెరిగారు, ఖర్చు చాలా స్వల్పం. నీరు నిలిచే చోట్లకూ వాన వెలిసిన గంటకు పది దుకాణాలకు ఫోన్ చేయవచ్చు.

అన్నిటికీ ఇదే మందని మేం అనడం లేదు. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడానికి లెక్కలూ నక్షలూ ముందే పక్కాగా ఉండాలి. జలాశయాన్ని రెండు వారాలకోసారి మార్చుకుంటూ కట్టరు. పైపు నిజంగానే చిన్నదని మూడు నాలుగు విడతల కొలతల్లో తేలితే పెద్ద పైపే వేయాలి. అప్పుడు ఆ ఎస్టిమేటుకు ఆధారమైనా ఉంటుంది.

బెల్లావిస్టాలోని ఆస్కీలో (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్), జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో అధికారులకు శిక్షణ ఎలాగూ నడుస్తోంది. ఇది మూడు రోజుల తరగతిలో పట్టుబడే విద్య కాదు. బృందం తన జంక్షన్‌నే పాఠంగా తెచ్చుకుని, విడతల మధ్య వచ్చి కూర్చోవాలి.

కార్పొరేషన్ కమిషనర్‌ను కోరేది తక్కువే. ముందు పది చోట్లు చాలు. ఒక్కో బృందానికి టెండరు అక్కర్లేని చిన్న ఖర్చులకు కొంత సొమ్ము, పై అధికారి ఒకరు ప్రతి విడత చివర అరగంట. ఇంకోటి రాతపూర్వకంగా ఉండాలి: చేసి చూసిన పని ఫలించకపోతే, కారణం రికార్డులో ఉన్నంతవరకు ఏఈకి మెమో ఇవ్వరని, ఖర్చును రికవరీలో పెట్టరని. ఆ ఉత్తర్వు లేకుండా ఏ ఏఈ కూడా ‘ఎక్కడ చిక్కుకున్నాం’ అన్న గడిలో నిజం రాయడు. రుతుపవనాలు జూన్‌లో వస్తాయి కాబట్టి అది ఏప్రిల్‌లోనే రావాలి.

– ప్రభుత్వ విధానాల అమలుపై పనిచేసే బృందం, హైదరాబాద్