ఫర్నిచర్ లోపల ఏముందో కూడా రాయండి

సంపాదకులకు,

ఇంటి అలంకరణ పేజీలో మీరు వేసే కొత్త డిజైన్ల సోఫాలు, టీవీ యూనిట్లు, గోడ అరల ఫొటోలు బాగుంటున్నాయి. రంగు గురించి, ఆకారం గురించి వివరంగా రాస్తున్నారు. ఆ వస్తువును దేనితో చేశారో మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఎన్నాళ్లు మన్నుతుందో తేలేది అక్కడే.

పైన ఒకే లామినేట్ (రంగు, డిజైను ఉండే పలుచని పై పొర) ఉన్నా లోపల పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే బోర్డు), ప్లైవుడ్‌లలో ఏదైనా ఉండొచ్చు. టీవీ యూనిట్‌లో వైర్ల కోసం కోసిన రంధ్రం అంచు మీద టార్చి వేసి చూడండి. చెక్క రజను అతికించినట్టు ఉంటే పార్టికల్ బోర్డు, పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, ఒకే తీరున నున్నగా ఉంటే ఎండీఎఫ్.

పార్టికల్ బోర్డు పనికిరాదని మేం అనం. దానికి పడనిది నీళ్లు. చాలామంది తయారీదారులు కంటికి కనిపించే అంచులకే ఎడ్జ్ బ్యాండ్ (అంచును మూసే సన్నని పట్టీ) అంటించి, అడుగు అంచును వదిలేస్తారు. ఇల్లు తుడిచినప్పుడల్లా ఆ అంచు తడి పీల్చి ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది ఎండినా పూర్తిగా అణగదు. కొనేముందు అడుగు అంచును వేలితో తడమండి, బ్యాండ్ లేకపోతే గరుకు తెలిసిపోతుంది. పార్టికల్ బోర్డుకు స్క్రూ పట్టు కూడా తక్కువే. ఇల్లు మారినప్పుడు విప్పి, అదే రంధ్రంలో మళ్లీ బిగిస్తే వదులైపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులొచ్చేది పొడవాటి అరల మీద. ఫొటోలో సన్నగా, మధ్యలో ఊతం లేకుండా ఎంతో అందంగా ఉంటాయి. కానీ మందం మార్చకుండా పొడవు రెట్టింపు చేసి నిండా పుస్తకాలు పేరిస్తే, నడుమ వంపు 16 రెట్లవుతుంది. పైగా బరువు అలాగే ఉంటే బోర్డు నెలనెలా ఇంకాస్త కుంగుతూనే ఉంటుంది. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు అరకు 60 సెంటీమీటర్లు దాటితే ఊతం ఇవ్వడం మంచిది. అదే బోర్డు 25 మిల్లీమీటర్లదైతే గట్టిదనం రెండున్నర రెట్లకు పైనే పెరుగుతుంది. ముందు అంచు కింద 4 సెంటీమీటర్ల చెక్కపట్టీ నిలువుగా బిగించినా చాలావరకు ఆగుతుంది.

సోఫా విషయంలో మెత్తదనం చూసి మోసపోతున్నారు. ఫోమ్ గట్టిదనం వేరు, సాంద్రత వేరు. నొక్కితే గట్టిగా ఉన్న ఫోమ్ కూడా సాంద్రత తక్కువైతే త్వరగా గుంటపడుతుంది. కూర్చునే చోట ఘనపు మీటరుకు కనీసం 32 కిలోలు ఉండేలా అడగాలి.

సొరుగుల బీరువాను గోడకు బిగించాలని ప్రతిసారీ రాయండి. సొరుగులన్నీ ఒకేసారి లాగితే అది ముందుకు పడిపోవచ్చు. పిల్లలున్న ఇళ్లలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది.

ఇకమీదట ప్రతి ఫొటో కింద బోర్డు రకం, మందం, ఏయే అంచులకు బ్యాండ్ ఉంది, ఫోమ్ సాంద్రత ఎంత అన్న నాలుగు వివరాలు వేయమని కోరుతున్నాం. తయారీదారు చెప్పకపోతే, చెప్పలేదనే వేయండి.

– ఫర్నిచర్ తయారీ, బిగింపు పనుల్లో ఉన్న పాఠకులు