లిన్ కౌంటీ అధికారి గారికి: గాలిని కూడా వీధి వీధికీ లెక్కేయండి

విపత్తు నిర్వహణ అధికారి గారికి,

నమస్కారం. అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఐదేళ్లకోసారి సవరించే విపత్తు ప్రణాళిక గురించి ఒక మనవి.

2008కి ముందు ఇక్కడ సీడర్ నది నీటిమట్టం రికార్డు 20 అడుగులు. ఆ ఏడాది జూన్ 13న 31.12 అడుగులకు చేరింది. పాత రికార్డునే హద్దు అనుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2020 ఆగస్టు 10న వచ్చిన డెరెకో (ఉరుములతో వందల మైళ్లు దూసుకుపోయే పెనుగాలి) తీరే వేరు. మా కోస్తాలో తుఫానంటే రోజుల ముందే కబురు వస్తుంది. ఇది పొద్దున అయోవా పడమటి సరిహద్దులో మొదలై మధ్యాహ్నానికి మా నెత్తిన పడింది. గాలి గంటకు 140 మైళ్లని అంచనా. ఊళ్లో సగానికి పైగా చెట్ల నీడ పోయింది. కొన్ని ఇళ్లకు రెండు వారాల దాకా కరెంటు రాలేదు.

అందుకే ముప్పుని కౌంటీ మొత్తానికి ఒకే మార్కుగా చూడకండి. నది పక్క వీధికి వరద భయం. మొబైల్ హోమ్‌కి (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే తేలికపాటి ఇల్లు), దాక్కోవడానికి బేస్‌మెంట్ లేని అపార్ట్‌మెంట్‌కి గాలి భయం. ఆక్సిజన్ మిషన్ మీదున్న పెద్దాయనకి కరెంటు పోవడమే విపత్తు. అలాంటి ఇళ్లు ఏ వీధిలో ఎన్నున్నాయో లెక్క తీయించండి.

ఇంకోటి. సైరన్ మోగితే ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ ఏంటా అని బాల్కనీలోకి వెళ్లి చూస్తుంది! హెచ్చరికలు మా భాషల్లోనూ పంపే ఏర్పాటు ఆలోచించండి. అనువాదానికి మేమొస్తాం.

ఇట్లు,
మీ కౌంటీ నివాసి