రొయ్యల చెరువు దాకా వచ్చే చట్టం

భీమవరం

చి॥ అమ్మలుకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్న పొద్దస్తమానం చెరువు గట్ల మీదే ఉంటున్నారు. ఆ చలిలో తలస్నానం చేసి జుట్టు సరిగ్గా ఆరబెట్టుకుంటున్నావో లేదోనని మామ్మకి ఒకటే బెంగ.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "ట్యుటోరియల్లో అందరూ యూరప్ వాళ్లేనమ్మా. యూరోపియన్ యూనియన్ చట్టాలు చేసే కమిషను, కౌన్సిలు, పార్లమెంటు వాళ్లకి చిన్నప్పటి నుంచి విన్న పేర్లు. వాళ్ల మధ్య నేనేం మాట్లాడతాను?" అన్నావు. అప్పటికే నాకు షిఫ్టు టైమైపోయింది, రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. ఇది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వెళ్లి చదువుతున్న సుప్రానేషనల్ పబ్లిక్ పాలసీ, అంటే దేశాలకి పైనుండే సంస్థలు విధానాలు ఎలా చేస్తాయన్న చదువు, నాకు రోజూ చేతికి తగిలే విషయం. మా రొయ్యల ఎగుమతి ప్లాంటు నుంచి యూరప్‌కి వెళ్లే ప్రతి లాటూ నా ల్యాబు దాటాకే కంటైనర్ ఎక్కుతుంది. ఆ ల్యాబులో గోడకి అంటించిన కాగితాల్లో ఢిల్లీవి కొన్నే, బ్రసెల్స్‌వే ఎక్కువ. బ్రసెల్స్ కేంద్రంగా నడిచే ఆ యూనియన్లో 27 దేశాలు తమ అధికారంలో కొంత తీసి ఉమ్మడిగా ఒకచోట పెట్టుకుని చేసిన చట్టం, ఏ ఓటూ లేని మన ఊరి చెరువు దాకా ఎలా వస్తుందో నీ క్లాసులో ఎవరు చూసి ఉంటారు చెప్పు?

శాంపిల్ సంగతే తీసుకో. రొయ్యకి తల తీసి, పెంకు ఒలిచి, కండ మాత్రమే గ్రైండ్ చేస్తాం. ఒలిచేటప్పుడు పెంకు పలుకు ఒక్కటి కూడా కలవకుండా చూస్తాను. నైట్రోఫ్యూరజోన్ అనే నిషేధించిన మందు వాడారేమో తెలుసుకోవడానికి మేం వెతికేది సెమీకార్బజైడ్ అనే పదార్థాన్ని. అది కొన్ని జాతుల రొయ్యల పెంకులో సహజంగానే ఉంటుంది. పెంకు కలిసిందంటే ఏ మందూ ముట్టని రైతు కూడా దోషిగా తేలతాడు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను నేర్పేది ఇదే. చట్టం ఎంత పకడ్బందీగా రాసినా, దాని న్యాయం చివరికి పెంకు ఒలిచే చేతిలో ఉంటుందని నీకు పుస్తకాల్లో కనబడదేమో, నాకు రోజూ కనబడుతుంది.

ఇక అంకెల సంగతి. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ మా చిన్నతనంలో టైఫాయిడ్‌కి ఇచ్చిన మందే. అయితే చాలా అరుదుగా కొందరికి అది పడక ఎముక మజ్జ రక్తం తయారు చేయడం మానేస్తుంది. ఇంత మోతాదు వరకు ఫర్వాలేదని ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆహారంలో అసలు ఉండకూడదన్నారు. ఆ నిర్ణయం సబబే. కానీ "అసలు ఉండకూడదు" అన్నది మిషను మీద కొలవాలంటే ఒక అంకె కావాలి కదా. అది 0.3 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 0.3 పాలు. అంత తిన్న మనిషికి జబ్బు చేస్తుందని లెక్క తేల్చి పెట్టిన అంకె కాదమ్మా అది. ల్యాబులు కనీసం అంత సూక్ష్మంగానైనా పట్టుకోగలగాలని పెట్టిన అంకె. తర్వాత సరుకు తిప్పి పంపడానికీ అదే గీత అయింది. మిషన్లు మెరుగయ్యాయి, 2019లో కొత్త రెగ్యులేషన్ వచ్చింది, 2022 నవంబరు 28 నుంచి ఆ అంకె 0.15కి దిగింది. నైట్రోఫ్యూరజోన్ లాంటి నైట్రోఫ్యూరాన్ మందులది 1 నుంచి 0.5కి దిగింది. అంతకుముందు రోజు పాసైన రొయ్యే ఆ రోజు ఫెయిలు కావచ్చు. రొయ్య మారలేదు, తినేవాడి ఒళ్లూ మారలేదు. మిషను చూపు పెరిగేకొద్దీ "సున్నా" కిందికి జరుగుతూ పోతుంది. విధానాల చదువులో ఇంతకంటే పెద్ద ప్రశ్న ఏముంటుంది? ఈ ఒక్క సంగతి నీ ట్యుటోరియల్లో బల్ల మీద పెట్టు, ఎవరు మాట్లాడకుండా ఉంటారో చూద్దాం.

మొన్న నువ్వు "ఇదంతా యూరప్ పెత్తనం" అన్నావు. ఆ మాట దగ్గర నేను నీతో ఏకీభవించను. చెరువులో విబ్రియో అనే రోగం తెచ్చే బాక్టీరియా తగలగానే మందుల షాపుకి పరిగెత్తి చేతికి దొరికిన యాంటీబయాటిక్ తెచ్చి మేతలో కలిపిన రోజులు మన జిల్లా చూసింది. ఆ మందులకి లొంగని సూక్ష్మజీవులు ఆ నీళ్లలోనే పుడతాయి, ఆ నీళ్లు మన కాలవల్లోకే వస్తాయి. మన దేశమూ ఆ మందుల్ని రొయ్యల సాగులో నిషేధించింది. అయినా నిషేధం కాగితం మీద నుంచి గట్టు మీదకి దిగింది ఎక్కువగా కొనేవాడి భయంతోనే. ఇవాళ యూరప్ సరుకైతే చెరువులో రొయ్యలు పట్టకముందే శాంపిల్ తీసుకెళ్లి భీమవరంలోనే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) వాళ్ల ఎలైజా ల్యాబులో, మందుల ఆనవాళ్లు పట్టే పరీక్ష చేయిస్తున్నారు. ఇది మన పిల్లలకీ మంచిదే. నేను కడుపునిండా నమ్మే మాట ఇది.

నా బాధ వేరే చోట ఉంది. ఆ నియమం భారం ఎవరి మీద పడుతుందన్న దగ్గర. పక్క ఊళ్లో రెండెకరాలు కౌలుకి చేసే ఒకాయన చెరువు ఆ పరీక్షలో ఫెయిలైంది. నిషేధించిన మందు తను ముట్టలేదని ఒట్టేసి చెప్పాడు. చెరువుకి మేలు చేసే సూక్ష్మజీవులని ఆయన వాడిన ప్రోబయోటిక్ ప్యాకెట్ మీద లోపల ఏముందో సరిగ్గా రాసి లేదు. మాకు కొనడం కుదరలేదు, బయట వచ్చిన రేటుకి తెగనమ్ముకున్నాడు. ప్యాకెట్ తయారు చేసినవాడికి ఏమీ కాలేదు, అమ్మినవాడికీ కాలేదు. బ్రసెల్స్‌లో బయల్దేరిన నియమం దిగుమతిదారుకి తగిలి, ఆయన్నుంచి ప్లాంటుకి, ప్లాంటు నుంచి ఏజెంటుకి, చివరికి కౌలుదారుకి వచ్చి ఆగింది. ఆయన కింద ఇంకెవరూ లేరు, తోసెయ్యడానికి.

నీ పేపరుకి విషయం వెతుక్కుంటున్నానన్నావు కదా, ఒకటి చెబుతాను. మన దేశం నుంచి వెళ్లే చెరువు రొయ్యల లాట్లలో కనీసం 20 శాతానికి యూరప్ సరిహద్దులో మళ్లీ పరీక్ష చేయాలని 2010లో కమిషను నిర్ణయించింది. 2012లో దాన్ని 10కి తగ్గించారు. మనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 2016 అక్టోబరులో 50 చేశారు. 50 అంటే సగం కంటైనర్లు రేవులో ఆగుతాయి. రిపోర్టు వచ్చేదాకా కోల్డ్ స్టోరేజి అద్దె, చిక్కుకుపోయిన డబ్బు మీద వడ్డీ. కొనేవాళ్లు మాత్రం ఎన్నాళ్లు చూస్తారు, ఈక్వడార్ వైపు తిరుగుతారు. ఇంత పెద్ద మార్పుకి పార్లమెంటులో చర్చ జరగలేదు, మంత్రులు కూర్చోలేదు. కమిషను ముసాయిదా పెట్టింది, సభ్యదేశాల అధికారులుండే మొక్కలు, జంతువులు, ఆహారం, మేతల స్థాయీ సంఘం అభిప్రాయం చెప్పింది, నిర్ణయం అచ్చయింది. ఒప్పందాల గురించి మీవాళ్లు గంటలు గంటలు చెబుతారు. అది అవసరమే, నువ్వున్న ఊరి పేరుతోనే 1992 ఫిబ్రవరి 7న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కానీ చెరువు మీద పడేది ఒప్పందం కాదు, ఇలాంటి అమలు నిర్ణయాలూ వాటి అనుబంధాల్లోని పట్టికలూను. ఆ సంఘాల ఎజెండాలూ సమావేశ సారాంశాలూ అందరికీ అందుబాటులోనే ఉంటాయని నువ్వే చెప్పావు. చదవడానికి ఓపికే కావాలి, అది నీకు ఉంది.

యూరప్ కౌన్సిల్లో, అంటే సభ్యదేశాల మంత్రులు కూర్చునే చోట, ఓటింగు నియమం అర్థం కావడం లేదన్నావు. మన జీఎస్టీ కౌన్సిల్‌ని పక్కన పెట్టుకుని చదువు, ఇట్టే తెలుస్తుంది. ఇక్కడ కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. ఏ ఒక్క రాష్ట్రమూ ఒంటరిగా అడ్డుపడలేదు, కేంద్రం మాత్రం పడగలదు. అక్కడ కౌన్సిల్లో 55 శాతం దేశాలు, అంటే 27లో 15, వాటి జనాభా మొత్తంలో 65 శాతం ఉండాలి. ఆపాలంటే కనీసం నాలుగు దేశాలు కలవాలి. జర్మనీ అయినా ఒంటరిగా ఆపలేదు. నీ తోటివాళ్లకి జీఎస్టీ కౌన్సిల్ సంగతి తెలిసే అవకాశం తక్కువ. నువ్వు చెప్పు, వాళ్లూ నేర్చుకుంటారు.

నువ్వు చెప్పిన 1963 కేసు నాకు భలే నచ్చింది. పశ్చిమ జర్మనీ నుంచి రసాయనం తెప్పించుకుంటున్న ఒక డచ్చి రవాణా కంపెనీ. సుంకం 3 నుంచి 8 శాతం చేశారని, ఒప్పందం ప్రకారం అలా పెంచకూడదని సొంత ప్రభుత్వం మీదే పోట్లాడింది. దేశాల మధ్య ఒప్పందం మామూలు పౌరుడికి కూడా హక్కు ఇస్తుందని లక్సెంబర్గ్‌లో ఉన్న యూరప్ ఉమ్మడి కోర్టు ఫిబ్రవరిలో చెప్పింది. నువ్వు అక్కడితో ఆపేశావు. నేను అడిగి మరీ పుస్తకంలో తర్వాతి పేజీలు ఫొటో తీయించుకున్నాను కదా, అదే ఏడాది జులైలో వచ్చిన ప్లామన్ తీర్పు వాటిలోనే ఉంది. ఆయన జర్మనీలో కమలాల్లాంటి క్లెమెంటైన్ పండ్లు దిగుమతి చేసుకునే వ్యాపారి. సుంకం 13 నుంచి 10కి తగ్గించుకుంటామని జర్మనీ అడిగితే కమిషను ఒప్పుకోలేదు. ఆయన కోర్టుకి వెళితే, ఆ పండ్ల వ్యాపారం ఎవరైనా ఎప్పుడైనా చేయొచ్చు, నిన్ను విడిగా తాకిన నిర్ణయం కాదిది అని కేసు లోపలికే రానివ్వలేదు. సొంత ప్రభుత్వం మీదికి వెళ్లేవాడికి తలుపు తీశారు, పై సంస్థ నిర్ణయం మీదికి వెళ్లేవాడికి మూసేశారు. ఈ రెండూ ఐదు నెలల తేడాలో. యూరప్ లోపలి వ్యాపారికే అలా ఉంటే, భీమవరం కౌలుదారు ఎక్కడ నిలబడి మాట్లాడాలి? మన వాణిజ్య శాఖ ద్వారా, ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆహారం సురక్షితంగా ఉండాలన్న నియమాల ఒప్పందం కింద, దేశం దేశంతో మాట్లాడటం ఒక్కటే దారి. ఆ దారిలో ఆయన గొంతు ఎంత మిగులుతుందో కొలవడమే నీ పేపరు కావాలని నా కోరిక.

పెద్దనాన్న ఇంకా "ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది" అంటూనే ఉన్నారు. 1950ల్లో బొగ్గు, ఉక్కు ఉమ్మడి చేయడంతో మొదలైన ఆ వ్యవస్థ ఇప్పుడు మళ్లీ ఉక్కు దగ్గరికే వచ్చింది, 2026 జనవరి నుంచి సరిహద్దు దగ్గర సరుకు తయారీలో వెలువడిన కర్బనం లెక్క కడుతోంది, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు అమ్మాలంటే ఆ లెక్క చెప్పగలిగినవాళ్లు కావాలి అని నాన్న చెప్పారు. ఎంపెడాలో, ఎగుమతి తనిఖీ మండలిలో, వాణిజ్య శాఖలో, బ్రసెల్స్, జెనీవాల్లో మన దౌత్య కార్యాలయాల్లో ఆ కాగితాలు మూలం నుంచి చదివి, అచ్చవక ముందే అభ్యంతరం రాయగలిగిన మనిషి విలువ నాకు తెలుసు. నువ్వు అక్కడే ఉండిపోయినా నాకు బాధ లేదు. ఆ ముసాయిదా రాసే గదిలో రొయ్య పెంకు సంగతి తెలిసిన మనిషి ఒక్కరున్నా అది నాకు పెద్ద సంగతే.

ఫ్రెంచి మానకు. కోర్టు లోపలి పనంతా ఆ భాషలోనే జరుగుతుందని నువ్వే అన్నావు, ఇంగ్లీషుతో గుమ్మం దాకానే వెళ్లగలం. వచ్చే ట్యుటోరియల్లో మొదట నువ్వే మాట్లాడు. తర్వాత మాట్లాడదామని కూర్చుంటే ఆ తర్వాత రానే రాదు, నువ్వు నా కూతురివి కాబట్టి నాకు తెలుసు.

2016 అక్టోబరుకి ముందు ఆ స్థాయీ సంఘం సమావేశాల సారాంశాలు దొరికితే నాకు పంపు, 50 శాతానికి వాళ్లు చూపించిన కారణం ఏ మాటల్లో ఉందో నేను చూడాలి. ఆ రోజుల ల్యాబు రికార్డుల్లో నాకు గుర్తున్నవి వివరంగా రాసి పంపుతాను, ప్లాంటు పేరు మాత్రం ఎక్కడా పెట్టకు. ఫీజు రెండో వాయిదా సోమవారం వేస్తారు నాన్న. కారప్పొడి అయిపోయి ఉంటుంది, శనివారం పార్సిల్ చేస్తాను.

ఉంటాను,
అమ్మ